‘తిన్నావా?’ అని అడిగితే ‘తిన్నాను’ అనే జవాబే వస్తుంది

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

పై చదువులు చదివే పిల్లల తిండి, నిద్ర, అలవాట్ల గురించి రాయమని కిందటి నెల ఈ శీర్షికలో కోరినప్పుడు నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. వాటిలో చాలా మటుకు ఒంటి బాధగా మొదలై, చివరి పేరాకు వచ్చేసరికి ఇంటి సంగతిగా మారాయి. అందుకని ఈసారి అయిదు ఉత్తరాలకే పరిమితమై, రెండింటికి కాస్త వివరంగా జవాబు రాస్తున్నాను. రాసినవారి కోరిక మేరకు పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: మా అబ్బాయి నెల్లూరులో హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. రోజూ రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేసి ‘తిన్నావా నాయనా’ అని అడుగుతాను. ‘తిన్నానమ్మా’ అంటాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు చూస్తే చిక్కిపోయి ఉన్నాడు. ఆరు నెలల్లో 6 కిలోలు తగ్గాడట. పొద్దున టిఫిన్ మానేస్తున్నాడనీ, రాత్రి పదకొండు దాటాక స్నేహితులతో బండి దగ్గర ఫ్రైడ్ రైస్ తింటున్నాడనీ వాడి స్నేహితుడు చెబితే తెలిసింది. వెళ్ళేటప్పుడు అరిసెలు, ఆవకాయ, నెయ్యి కట్టి పంపాను. ఇంకా ఏం చేయమంటారు?
– ఒక తల్లి, కావలి

జవాబు: అమ్మా, ముందుగా ఒక జాగ్రత్త. తగ్గాలని అనుకోకుండానే ఆరు నెలల్లో 6 కిలోలు తగ్గితే, దాన్ని హాస్టల్ తిండి మీదకు నెట్టేసి ఊరుకోకూడదు. దాహం, మూత్రం ఎక్కువయ్యాయా, రెండు వారాలకు మించి దగ్గు ఉందా, సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడుతోందా అని అడిగి, ఒకసారి డాక్టరుకు చూపించి, రక్తంలో చక్కెర, థైరాయిడ్ పరీక్షలు అవసరమేమో తెలుసుకోండి. చక్కెర వ్యాధి ఈ వయసు పిల్లలకు రాదనుకోవడం పొరపాటు. అవన్నీ సరిగా ఉన్నాయని తేలిన తరువాతే నేను చెప్పబోయే మాటలకు విలువ ఉంటుంది.

మీరు రోజూ అడుగుతున్న ప్రశ్నకు ‘తిన్నాను’ అనే జవాబు తప్ప మరొకటి చెప్పే వీలు మీ అబ్బాయికి లేదు. ‘తినలేదు’ అంటే ఎందుకు తినలేదని మీరు అడుగుతారు, కంగారు పడతారు, పక్క గదిలో ఉన్న వాళ్ళ నాన్నగారికి చెబుతారు, ఆయన ఫోన్ అందుకుంటారు. ఇదంతా ఆ పిల్లవాడికి ముందే తెలుసు కాబట్టి ఒక్క మాటతో తప్పించుకుంటున్నాడు. మిమ్మల్ని తప్పు పట్టడానికి ఈ మాట అనడం లేదు. మా అబ్బాయి చదువుకునే రోజుల్లో నేనూ అదే గంటకు అదే ప్రశ్న వేసి, అదే జవాబు విని, నిశ్చింతగా నిద్రపోయినదాన్నే. కొన్నాళ్ళు ప్రశ్న మార్చి చూడండి. ఇవాళ మెస్‌లో ఏం కూర పెట్టారు, సాంబారు చిక్కగా ఉందా నీళ్ళుగా ఉందా, పక్కన ఎవరు కూర్చున్నారు అని అడగండి. తను మాట్లాడేలోపు ఆ రోజు మీరు ఏం వండారో, ఏది మాడిందో మీరే చెప్పండి. తనిఖీ కాదని నమ్మకం కుదిరాక పిల్లలు చాలా చెబుతారు.

అప్పుడు మీకు తెలిసే సంగతి బహుశా ఇలా ఉంటుంది. హాస్టళ్ళలో పొద్దుటి టిఫిన్ తొమ్మిది లోపలే అయిపోతుంది. రాత్రి రెండింటికి పడుకున్న పిల్లవాడు ఎనిమిదీ నలభైకి లేచి, తొమ్మిదింటి క్లాసుకు పరుగెత్తుతాడు. కనుక ఇక్కడ తప్పిపోతున్నది టిఫిన్ కాదు, నిద్ర. నిద్ర సర్దుకోకుండా మీరు ఎన్ని అరిసెలు పంపినా అవి టిఫిన్ స్థానంలోకి రావు. రాత్రి బండి విషయానికొస్తే, దానితో పోరు పెట్టుకోవద్దని నా సలహా. అక్కడ తను వెతుక్కునేది తిండి ఒక్కటే కాదు, నలుగురి తోడు కూడా. వారానికి ఒకటి రెండు రాత్రులు అయితే కొంప మునగదు. రోజూ అయితే మాత్రం మెస్‌లో రాత్రి భోజనం ఎందుకు మానేస్తున్నాడో మీ మాటల్లో మెల్లగా బయటికి రావాలి.

ఇక మీరు కట్టే మూట. అరిసెలు పండుగకు సరే. మామూలు రోజుల్లో వేయించిన శెనక్కాయలు, పుట్నాల పప్పు, నువ్వుండలు పంపండి. అరటిపండ్లు, ఉడికించిన గుడ్లు అక్కడే కొనుక్కోమని కొంచెం డబ్బు విడిగా ఇవ్వండి. ఆవకాయ సీసా చిన్నది చేయండి. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు, అంటే సుమారు ఒక చెంచాడు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మెస్ కూర నచ్చక ఊరగాయతోనే అన్నం లాగించే పిల్లలు ఆ హద్దును మధ్యాహ్నానికే దాటేస్తారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో, రోజుకు 2000 కేలరీలు తినే మనిషి పళ్ళెంలో కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు ఉండాలని లెక్క వేశారు. ఆ లెక్కను మీ అబ్బాయికి చదివి వినిపించకండి. సెలవులకు వచ్చినప్పుడు మీ ఇంటి పళ్ళెంలో అది కనబడుతోందో లేదో చూసుకోండి.

ఎందుకంటే అసలు విషయం అక్కడ ఉంది. అమెరికాలోని మిన్నెసోటాలో బడిపిల్లలను కొన్నేళ్ళ పాటు గమనించిన ఒక అధ్యయనంలో, చిన్నప్పుడు ఇంటివాళ్ళతో కలిసి తరచుగా భోజనం చేసినవారు పెద్దయ్యాక కూడా పండ్లు, కూరగాయలు ఎక్కువగా తింటున్నట్టు తేలింది. కలిసి తినడం ఒక్కటే అందుకు కారణమని ఖాయంగా చెప్పలేం గాని, సంబంధం ఉందన్నది స్పష్టం. సంక్రాంతి మూడు రోజుల్లో మీ ఇంట్లో నలుగురూ ఒకే సమయానికి, టీవీ ఆపి, ఫోన్లు అవతల పెట్టి ఎన్నిసార్లు కూర్చున్నారు? వాళ్ళ నాన్నగారు పళ్ళెం పట్టుకుని టీవీ ముందుకు, అబ్బాయి మంచం మీదకు, మీరు అందరి తరువాత వంటగదిలో పీట మీదకు వెళ్ళి ఉంటే, ఎక్కడో అక్కడ ఎప్పుడో అప్పుడు తినేయడమనే అలవాటు ఇంట్లోనే మొదలైనట్టు. ఈసారి వచ్చినప్పుడు ఒక పూట మీ అబ్బాయి చేత పప్పు, అన్నం వండించండి. కుక్కరు ఎన్ని కూతలకు దించాలో మీరు పక్కన నిలబడి చెప్పండి చాలు. ఉప్పు ఎక్కువైనా ఎవరూ నవ్వకుండా తినండి.

ప్రశ్న: నేను కోవూరు దగ్గర పల్లె నుంచి రోజూ బస్సులో నెల్లూరుకు వెళ్ళి డిగ్రీ చదువుతున్నాను. కాలేజీలో రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 9.2 అని వచ్చింది. మెట్లెక్కితే ఆయాసం, క్లాసులో కళ్ళు మూతలు పడతాయి. అమ్మకు చెబితే ‘మన ఇంట్లో ఆడవాళ్ళందరికీ అంతే, పెళ్ళయ్యాక సర్దుకుంటుంది’ అంటుంది. తమ్ముడికి రోజూ గుడ్డు పెడతారు, నాకు అడగాలంటే సిగ్గుగా ఉంటుంది.
– ఒక విద్యార్థిని, నెల్లూరు జిల్లా

జవాబు: తల్లీ, పెళ్ళయితే రక్తం పట్టదు. ఆ మాట అనుకోవడంలోనే ఎన్నో ఇళ్ళలో ఆడపిల్లల ఆరోగ్యం నీరుగారిపోయింది. గర్భిణులు కాని ఆడవాళ్ళకు హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనత అంటారు. 8 నుంచి 10.9 వరకు ఉంటే అది మధ్యస్థాయి రక్తహీనత. నీది అందులోకి వస్తుంది. తిండితోనే సరిపెట్టుకునే దశ ఇది కాదు కాబట్టి ఈ వారంలోనే మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళు. నెలసరి ఎక్కువగా అవుతుంటే ఆ సంగతి దాచకుండా చెప్పు. ఐరన్ మాత్రలు అక్కడ ఉచితంగా ఇస్తారు. కడుపులో నులిపురుగులకు మందు వేసుకోవాలా, ఇంకేమైనా పరీక్ష కావాలా అన్నది డాక్టరు నిర్ణయిస్తారు. మాత్ర వేసుకున్నాక మలం నల్లగా వస్తే భయపడవద్దు, అది మామూలే. అంకె 12 దాటగానే మాత్రలు ఆపేయకుండా, ఒంట్లో ఇనుము నిల్వలు నిండేవరకు డాక్టరు చెప్పినన్నాళ్ళు వాడాలి.

మీ అమ్మగారి మాటలో ఒక సగం మాత్రం నిజం. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో దేశం మొత్తం మీద 57 శాతం మందికి, మన రాష్ట్రంలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. అందరికీ ఉన్నందువల్ల అది మామూలు సంగతి అయిపోదు. ఊరంతా అప్పుల్లో ఉన్నంత మాత్రాన మన అప్పు తీరదు కదా.

చేపల పులుసు పెట్టిన రోజు మీ ఇంట్లో ఏం జరుగుతుందో ఒకసారి గుర్తు చేసుకో. నెల్లూరు ఇళ్ళలో నేను చూసినంతవరకు, నడిమి ముక్కలు మొదట నాయన పళ్ళెంలోకి, తరువాత మగపిల్లల పళ్ళేల్లోకి వెళతాయి. వడ్డించే ఆడమనిషి చివర కూర్చునేసరికి దాక అడుగున పులుసు, తోక ముక్క, ఒక మామిడికాయ బద్ద మిగులుతాయి. ‘నాకు పులుసే ఇష్టం’ అని ఆ తల్లి అంటుంది. ఇరవై ఏళ్ళు అన్నాక అది నిజంగానే ఇష్టమైపోతుంది. ఆమె పక్కనే కూర్చుని తిన్న కూతురు కూడా అదే నేర్చుకుంటుంది. ఎవరూ ఎవరికీ అన్యాయం చేయాలనుకోలేదు, అయినా ముక్కలన్నీ ఒక వైపుకే వెళ్ళాయి. మాంసం, చేప, కార్జంలో ఉండే ఇనుము ఆకుకూరల్లోని ఇనుము కంటే ఒంటికి బాగా పడుతుంది. కనుక వడ్డన వరుసకూ నీ పరీక్ష చీటీలోని అంకెకూ సంబంధం లేదని అనలేం.

అలాగని తమ్ముడి గుడ్డుతో పోల్చి పోట్లాట పెట్టుకోవద్దు. దానివల్ల తమ్ముడు దొంగలా ముఖం పెడతాడు తప్ప నీ పళ్ళెంలోకి ఏమీ రాదు. అమ్మను కూడా నీతోపాటు తీసుకువెళ్ళి పరీక్ష చేయించు. ‘నీ పరీక్ష కోసం రా’ అని అడిగితే రాకపోవచ్చు గాని, ‘నాకు తోడుగా రా’ అంటే తప్పకుండా వస్తుంది. ఆమె అంకె కూడా తక్కువగా వచ్చిందంటే, వడ్డించక ముందే ఇద్దరికీ కూర తీసి పక్కన పెట్టడం గురించి మాట్లాడటం తేలికవుతుంది. నాయనకు ఆ చీటీలు రెండూ చూపించండి. ఇంట్లో తిండి వరుస అన్యాయంగా ఉందని చాలామంది మగవాళ్ళకు తెలియదు, ఎందుకంటే వాళ్ళు చేయి కడుక్కుని లేచిపోయాకే మిగతాది జరుగుతుంది.

పొద్దున ఏడింటి బస్సుకు పరుగెత్తే ముందు టీ ఒక్కటే తాగి వెళుతున్నావేమో చూసుకో. టీ, కాఫీలు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. వాటికీ భోజనానికీ, వాటికీ మాత్రకూ మధ్య గంటకు పైగా ఎడం ఉంచు. నిమ్మరసం, ఉసిరి, జామకాయ ఇనుము పట్టడానికి సాయపడతాయి. డబ్బాలో పప్పు అన్నంతో పాటు నిమ్మకాయ బద్ద ఒకటి పెట్టుకుంటే ఖర్చేమీ లేదు. ఇక గుడ్డు అడగడానికి సిగ్గు ఎందుకమ్మా? ఉడికించేది నువ్వే అయితే గిన్నెలో ఒకటి ఎక్కువ వేయి.

ప్రశ్న: మాది టంగుటూరు మండలం. నాయన పొగాకు రైతు, మాకు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ ఉంది. ఒంగోలులో పీజీ చదువుతూ స్నేహితులతో సిగరెట్ మొదలుపెట్టి ఇప్పుడు రోజుకు నాలుగైదు కాలుస్తున్నాను. నాయన కూడా ముప్పై ఏళ్ళుగా కాలుస్తాడు. నా సంగతి ఆయనకు తెలుసు, ఏమీ అనడు. అమ్మ మాత్రం ఏడుస్తుంది. మానాలని ఉంది గాని ‘ఆ పొగాకే నీ ఫీజు కట్టింది’ అనే మాట గుర్తొస్తే ఎటూ తేలడం లేదు.
– ఒక విద్యార్థి, ప్రకాశం జిల్లా

జవాబు: బాబూ, నీ ఫీజు కట్టింది పొగాకు పంట, పొగ కాదు. రెండింటినీ విడదీసుకుంటే నీ మనసులో ముడి సగం విడిపోతుంది. వర్జీనియా పొగాకు మీ ప్రాంతపు బతుకుతెరువు. నేల, నీరు, ధర చూసుకుని పెద్దవాళ్ళు ఎంచుకున్న పంట అది. దాన్ని పండించినందుకు మీ నాయన ఎవరి ముందూ తలదించుకోనక్కరలేదు, దాన్ని కాల్చకపోతే నువ్వు ఇంటికి ద్రోహం చేసినట్టూ కాదు. ఆ ఆకు ఎంత ఘాటైనదో మీ ఇంట్లోవాళ్ళకు నాకంటే బాగా తెలిసి ఉంటుంది. మంచుకు తడిసిన పచ్చి ఆకు కోసేవాళ్ళకు తలతిరగడం, వాంతులు కావడం చర్మం గుండా నికోటిన్ లోపలికి పోవడం వల్లే. ఈసారి కోతకు వచ్చే కూలీలకు చేతి తొడుగులు ఇవ్వమని నాయనతో చెప్పు.

తల్లిదండ్రుల్లో ఒకరు పొగతాగే ఇంట్లో పిల్లలకు ఆ అలవాటు అంటుకునే అవకాశం ఎక్కువని చాలా అధ్యయనాలు చెప్పాయి. మీ నాయన మౌనాన్ని నువ్వు అనుమతి అనుకుంటున్నావేమో, అది సిగ్గు కావచ్చు. తాను కాలుస్తూ కొడుకును వద్దనే అర్హత తనకు లేదని ఆయన అనుకుంటూ ఉండవచ్చు. ఆ మాట ఆయన అనలేడు కాబట్టి నువ్వే మొదలుపెట్టు. ‘నువ్వు మానెయ్ నాయనా’ అనవద్దు, ‘నేను మానేస్తున్నాను, మొదటి పది రోజులు నాకు కష్టంగా ఉంటుంది, కోపం వస్తే ఏమీ అనుకోవద్దు’ అని చెప్పు. ఆయన కలిసి వస్తే మంచిది, రాకపోయినా నీ ముందు కాల్చకుండా ఉంటే అదీ పెద్ద సాయమే.

మానేసిన మొదటి వారం చిరాకు, నిద్రలేమి గట్టిగా ఉంటాయి, మూడు నాలుగు వారాల్లో బాగా తగ్గుతాయి. కాల్చాలనే కోరిక ఒక్కొక్కసారి కొన్ని నిమిషాలే ఉండి పోతుంది. ఆ నిమిషాలు గడవడానికి నీళ్ళు తాగడం, లేచి నడవడం, అమ్మకు ఫోన్ చేయడం, ఏదైనా సరే. సొంతంగా కుదరకపోతే కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత సలహా నంబరు 1800-11-2356కు ఫోన్ చెయ్యి. నికోటిన్ చూయింగ్ గమ్ వాడాలనుకుంటే డాక్టరును అడిగి వాడు. విద్యాసంస్థలకు 100 గజాల లోపల సిగరెట్లు అమ్మకూడదని 2003 నాటి చట్టం చెబుతోంది. అది ఎంతవరకు అమలవుతోందో కాలేజీ గేటు ముందు నిలబడితే నీకే కనబడుతుంది గనుక, చట్టం కాపాడుతుందని కూర్చోవద్దు.

ప్రశ్న: మనవరాలు మా దగ్గర ఉండి చదువుకుంటోంది. రాత్రి రెండు దాకా లైటు వేసి ఉంటుంది, పొద్దున తొమ్మిదైనా లేవదు. మేమిద్దరం అయిదింటికే లేస్తాము. మందలిస్తే ముభావంగా ఉంటోంది. చదువుకుంటున్న పిల్ల అని వాళ్ళ అవ్వ రాత్రి పదింటికి ఫిల్టర్ కాఫీ కలిపి ఇస్తుంది.
– ఒక తాతగారు, రంగనాయకులపేట, నెల్లూరు

జవాబు: అయ్యా, నమస్కారం. మీ ఉత్తరంలో ఆఖరి వాక్యమే జవాబు. కాఫీలోని కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది. పదింటి కాఫీ ప్రభావం తెల్లవారుజామున మూడింటికి కూడా సగం మిగిలే ఉంటుంది. ఆ గ్లాసును సాయంత్రం అయిదింటికి మార్చమని అమ్మగారిని నా తరఫున అడగండి. పదహారు, ఇరవై ఏళ్ళ మధ్య నిద్ర వేళ సహజంగానే కొంత వెనక్కి జరుగుతుంది. అది బద్ధకం కాదు, అయిదింటికి లేవమనడం న్యాయమూ కాదు. ఎప్పుడు పడుకున్నా 7 గంటలకు తగ్గకుండా నిద్ర, ఆదివారంతో సహా రోజూ ఒకే వేళకు లేవడం, ఈ రెండూ ఒప్పించగలిగితే చాలు. మందలింపుకు బదులు సాయంత్రం రంగనాథస్వామి గుడి దాకా తోడు రమ్మని పిలవండి. పోయి రావడానికి అరగంట పడితే, వారానికి అయిదు రోజులు అయ్యేసరికి పెద్దవాళ్ళకు కనీసం కావాలనే 150 నిమిషాల నడక మీ ఇద్దరికీ పూర్తవుతుంది.

ప్రశ్న: నేను ఒంగోలులో హాస్టల్లో ఉండి చదువుతున్నాను. ఇంట్లో అమ్మానాన్నలకు పడదు. రోజూ రాత్రి భోజనం వేళకు అమ్మ ఒకసారి, నాన్న ఒకసారి ఫోన్ చేసి ఒకరి మీద ఒకరు చెబుతారు. ఆ తరువాత అన్నం సహించదు, నిద్ర పట్టదు, తలనొప్పి. నేను ఎవరి వైపు మాట్లాడాలి?
– ఒక విద్యార్థిని

జవాబు: ఎవరి వైపూ వద్దమ్మా. మీ అమ్మానాన్నల మధ్య తగవు తీర్చే పని కూతురిది కాదు. ఇద్దరి మాటలూ మోసే పని అసలే కాదు. దీర్ఘకాలం ఇంట్లో కలహం వినే పిల్లలకు ఆకలి, నిద్ర చెడిపోవడం, తలనొప్పి, కడుపునొప్పి రావడం వైద్యులు తరచుగా చూసే సంగతే. నీ ఒళ్ళు అబద్ధం చెప్పడం లేదు. ఇద్దరికీ విడివిడిగా, కోపం లేని ఒక మామూలు పగటి పూట, ఒకే మాట చెప్పు: ‘నువ్వంటే నాకు ఇష్టం, నీ గురించి ఎంతసేపైనా చెప్పు వింటాను, రెండోవారి గురించి మాత్రం నాకు చెప్పవద్దు.’ మొదట నొచ్చుకుంటారు. ‘నీకూ నేను బరువయ్యానా’ అంటారు. అయినా ప్రతిసారీ అదే మాట, అదే మెత్తదనంతో చెప్పాలి. ఇద్దరూ నమ్మే మేనమామో, పిన్నమ్మో, పెద్దనాన్నో ఉంటే వాళ్ళకు ఈ సంగతి అప్పగించు. ఇంట్లో చేయి చేసుకునే పరిస్థితి ఉంటే అమ్మకు 181 మహిళా సహాయ నంబరు తెలిసి ఉండాలి.

రెండు వారాలు దాటినా తిండి, నిద్ర కుదుటపడకపోయినా, బతకాలని లేదనే ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆలస్యం చేయకుండా 14416కు ఫోన్ చెయ్యి. అది 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇవాళ్టికి మాత్రం ఒక పని చెయ్యి. రాత్రి మెస్ గంట మోగగానే ఫోన్‌ను గదిలో ఛార్జింగుకు పెట్టి, గది స్నేహితురాలితో కలిసి కిందికి వెళ్ళి తిని రా. వాళ్ళిద్దరికీ తిరిగి ఫోన్ చేసేది నువ్వు చేయి కడుక్కున్న తరువాత.